బోర్డమ్మకు ఒక్క ప్రశ్న

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో అందరూ ఆమెను బోర్డమ్మ అంటారు. ఎదురుగా అనేవాళ్ళున్నారు, వెనకాల అనేవాళ్ళూ ఉన్నారు. ఆమెకు రెండూ ఒకటే. ఏ లిఫ్టు ఎక్కడ ఆగిపోయింది, ఏ మెకానిక్కు వెళ్ళాడు, పని సగంలో ఉందా, పూర్తయిందా అన్నదంతా కంప్యూటర్లో ఒకేచోట అందరికీ కనబడేలా చేసే సాఫ్ట్‌వేరు ఒకటుంది. దాన్నే వాళ్ళు బోర్డు అంటారు, దాన్ని చూసుకునేది ఈవిడే. తెర మీద రంగురంగుల చీటీలు కనిపిస్తాయి. ఎవరి పని వాళ్ళు ఒక చీటీ మీద రాసుకుంటారు, పనయ్యాక దాన్ని పక్క గడిలోకి జరుపుతారు. అంతే. ఆ 'అంతే'లో ఎంతుందో చెప్పడం మొదలుపెడితే బోర్డమ్మకు ఆకలిదప్పులు గుర్తుండవు.

మనుషుల మధ్య తగువుల్లో సగం, ఒకరు చేసేది ఇంకొకరికి తెలియక వచ్చినవేనని ఆమె గట్టి నమ్మకం. తెలిస్తే మనుషులు మంచివాళ్ళే. దేవుడు మనుషుల్ని సరిగ్గానే చేశాడు, కబురు అందకే చిక్కంతా అంటుంది. ఆ మాట పట్టుకునే ఆమె సదస్సులకు వెళ్ళి మాట్లాడుతుంది.

ఆ సదస్సులు పెద్ద ఆర్భాటంగా ఏమీ ఉండవు. ఏదో ఒక ఆదివారం, ఎవరో దయతలచి ఇచ్చిన కాలేజీ గదుల్లో కంప్యూటర్ పనివాళ్ళు చేరతారు. టికెట్టు ఉండదు, మాట్లాడినందుకు ఇచ్చేదీ ఏమీ ఉండదు. తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెబుతారు, మధ్యాహ్నం అందరూ కలిసి భోంచేస్తారు. బోర్డమ్మ ప్రసంగం ఎప్పుడూ ఆ భోజనం తర్వాతే.

భోజనం తర్వాత మాట్లాడటం ఎలాంటిదో మాట్లాడినవాళ్ళకే తెలుస్తుంది. కడుపు నిండినవాళ్ళు వచ్చి, ఫ్యాను కింద కుర్చీలు చూసుకుని, కాళ్ళు చాపుకుని, ఆమె నమస్కారం పెట్టేలోపే కళ్ళు మూస్తారు. ఆమెకు కోపం రాదు. వారమంతా కష్టపడి వచ్చారు పాపం అనుకుంటుంది. ముందు వరసలో ఎవరైనా గాఢంగా నిద్రపోతుంటే అటు తిరిగినప్పుడు గొంతు తగ్గిస్తుంది. ఒకసారి మాట్లాడుతూ మాట్లాడుతూనే వేదిక దిగివచ్చి, నిద్రలో ఉన్నాయన మోచేతి పక్కనుంచి నీళ్ళ సీసా దూరంగా జరిపి మళ్ళీ ఎక్కింది. వాక్యం మాత్రం తెగలేదు.

ఆమెకున్న వెలితి ఒక్కటే. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమెను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అంటుంది చివర్లో. గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తుంది. కాసేపు చూసి, ధన్యవాదాలు చెప్పి దిగిపోతుంది. విచిత్రమేమిటంటే ఒక ప్రశ్నకు ఆమె దగ్గర బ్రహ్మాండమైన జవాబుంది. 'పని చేసేవాళ్ళు బోర్డు మీద రాయడం మర్చిపోతే ఏం చేయాలి?' అన్నదే ఆ ప్రశ్న. ఎవరైనా అడుగుతారన్న ఆశతో కావాలనే ప్రసంగంలో ఆ సంగతి వదిలేస్తుంది. ఇంట్లో మాత్రం, అంట్లు తోముతూ, బట్టలు మడతపెడుతూ, ఆ ప్రశ్న తనే వేసుకుని ఆ జవాబు తనే చెప్పుకుంటుంది. ఇంటిల్లిపాదికీ, వచ్చిపోయే తమ్ముడికి కూడా ఆ ప్రశ్న కంఠతా వచ్చేసింది.

ఈసారి సదస్సుకు ముందు నిర్వాహకురాలు ఫోన్ చేసింది. కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పే మనిషి ఆవిడ, మెత్తగా మాట్లాడుతుంది. చెప్పలేక చెప్పలేక చెప్పింది. గదులు తక్కువయ్యాయి, మాట్లాడతామనేవాళ్ళు ఎక్కువయ్యారు. వినేవాళ్ళు ఒక్క ప్రశ్నయినా అడగని ప్రసంగాలను వచ్చేసారి తీసేద్దామని కమిటీ అనుకుందట. "మీ గురించే పెట్టిన షరతు కాదండీ," అంది. అంతకు ముందు ఆ అనుమానం లేని బోర్డమ్మకు అప్పుడే వచ్చింది.

ఆ సాయంత్రం భర్తతో చెప్పింది. ఆయన డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతాడు. ఎంతమంది గోడకు గుద్దినా "పరవాలేదు, మళ్ళీ చూద్దాం" అనే మనిషి. అన్నీ విని, దీనికింత బెంగ ఎందుకు, నేనొచ్చి వెనక కూర్చుని అడుగుతాను, నేనెవరో అక్కడ ఎవరికి తెలుసు అన్నాడు.

"వద్దండీ. మనం అడిగించుకుంటే అదేం ప్రశ్న? దేవుడి ముందు నిలబడి నాకు నేనే దండ వేసుకున్నట్టుంటుంది," అందామె.

సరేనన్నాడు. ఆయన అంత తొందరగా సరేనంటే అనుమానించాల్సిందే. కానీ ఆమె అప్పటికే ప్రసంగంలో పడిపోయింది.

ఆదివారం పొద్దున ఇంట్లో ఎవరి పని వాళ్ళకు తగులుకుంది. అత్తగారు కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నారు. ఆవిడ పెద్దాస్పత్రిలో నర్సుగా పనిచేసి రిటైరయ్యారు. వార్డు ఈ చివరినుంచి ఆ చివరికి వినబడాల్సిన గొంతు, ఇంట్లో మూడు గదులకు మరీ ఎక్కువైపోతుంటుంది. ఆదివారం డాక్టరుంటాడా అని కోడలు అడగబోయి, పెద్దావిడకు తెలియకనా అని ఊరుకుంది. కళ్ళద్దాల కొట్లో పనిచేసే తమ్ముడు, ఇవాళ కొట్టులో సరుకు సర్దాలక్కా, రాలేనని ఫోన్ చేశాడు. రమ్మని ఆమె పిలవనేలేదు. భర్త ఆమెను కాలేజీ దగ్గర దింపి, క్యాంటీన్లో కూర్చుంటానని అటు వెళ్ళాడు.

భోజనాలయ్యాయి. గది నిండింది, ఎందుకంటే ఆ వరండాలో ఫ్యాన్లు బాగా తిరిగే గది అదొక్కటే. బోర్డమ్మ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. నాకొక్క ప్రశ్న పంపించు స్వామీ, మళ్ళీ అడగను అనుకుంది. మాట్లాడేటప్పుడు ఆమె ఎవరి ముఖమూ చూడదు, భయం. ఎదురుగోడ మీది గడియారానికి చెబుతుంది. అందుకే వెనక స్తంభం చాటున భర్త కూర్చోవడం చూడలేదు. మొదటి వరసలోనే ఇంత వెడల్పు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మెడ బిగించి కూర్చున్న పెద్దావిడనూ చూడలేదు.

లిఫ్టుల సంగతి, చీటీల సంగతి, మెకానిక్కులు ముందు ఎలా గొణిగారో తర్వాత ఎలా అలవాటుపడ్డారో అంతా చెప్పింది. గదిలో సగం మంది ఒరిగిపోయారు. ఒకాయన సన్నగా గురక కూడా అందుకున్నాడు. చివరికి వచ్చింది.

"ఎవరికైనా సందేహాలున్నాయా?"

వెనకనుంచి ఒక చెయ్యి లేచింది. ఆమె గుండె గంతేసింది. ఆ చెయ్యి ఎవరిదో తెలియగానే ఆగినంత పనయింది. మైకు అందుకున్న భర్త, ముక్కూ ముఖం తెలియని మనిషిలా చూస్తూ, "నమస్కారం మేడం. నేనొక సామాన్యుణ్ణి. పని చేసేవాళ్ళు బోర్డు మీద రాయడం మర్చిపోతే ఏం చేయాలి?" అన్నాడు.

జవాబు చెప్పకూడదనుకుంది. కానీ ఆ జవాబు ఏళ్ళ తరబడి లోపల కూర్చుని విసిగిపోయి ఉంది. దానంతటదే బయటికొచ్చేసింది. మర్చిపోయినవాణ్ణి తిట్టకూడదు, రాయడం వాడి పనిలో ఎక్కడ కలుస్తుందో చూడాలి, మెకానిక్కు పనిముట్ల పెట్టె మూసే వేళకు ఫోన్లో చీటీ ఎదురొచ్చేలా పెట్టాలి అని గడగడా చెప్పేసింది. భర్త గొప్పగా తలూపి కూర్చున్నాడు. సిగ్గుతో ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఇంతటితో అయిపోతే చాలు స్వామీ అనుకుంది.

అవలేదు. మొదటి వరసలో నల్లకళ్ళద్దాలు లేచి నిలబడ్డాయి. మైకు అందిస్తుంటే అక్కర్లేదని తోసేసి, "ఆ అబ్బాయి అడగడం బాలేదు," అన్నారు అత్తగారు. "స్తంభం చాటున నక్కి, ఎవరికీ వినబడకుండా అడిగితే ఎలా? నిటారుగా నిలబడి అడగాలి." ఆపైన వార్డు మొత్తం లేచేంత గొంతుతో అడిగారు: "పని చేసేవాళ్ళు బోర్డు మీద రాయడం మర్చిపోతే ఏం చేయాలి?"

గురకపెడుతున్నాయన ఉలిక్కిపడి లేచి, కలంకోసం జేబులు తడుముకున్నాడు. గది అంతా మేలుకుంది. స్తంభం వెనక భర్త కుర్చీలో కిందికి, ఇంకా కిందికి జారిపోతున్నాడు.

సరిగ్గా అప్పుడు తలుపు తెరుచుకుంది. ప్రశ్నల వేళకు లోపలికొద్దామని వరండాలో తిరుగుతున్న తమ్ముడు, లోపల జరిగినదేదీ తెలియనివాడు, ఆయాసపడుతూ వచ్చి ఖాళీగా ఉన్న మైకు పుచ్చుకున్నాడు. "నాదొక చిన్న సందేహం మేడం," అన్నాడు. "పని చేసేవాళ్ళు బోర్డు మీద..."

మిగతాది ఎవరికీ వినబడలేదు. గది గదంతా నవ్వింది. పక్కగదిలోంచి కూడా కొందరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. తమ్ముడు వెనక్కి తిరిగి తన చొక్కాకేమైనా అంటుకుందా అని చూసుకున్నాడు.

నిర్వాహకురాలు తలుపు పక్కన నిలబడి అంతా చూస్తోంది. ఇక తన పేరు కొట్టేసినట్టేనని బోర్డమ్మకు తెలిసిపోయింది. తెలిశాక భయం పోయింది. మొదటిసారి గడియారాన్ని వదిలి మనుషుల వంక చూసింది.

"క్షమించండి. వీళ్ళు ముగ్గురూ మా వాళ్ళే," అంది. "ఆ స్తంభం వెనకున్నది మా ఆయన, వీరు మా అత్తగారు, వాడు మా తమ్ముడు. నన్ను ఇన్నేళ్ళుగా ఎవరూ ఏమీ అడగలేదని నా మీద జాలిపడి వచ్చారు. ఎవరికి వాళ్ళు దొంగతనంగా వచ్చారు, ఒకరితో ఒకరు అనుకోలేదు. అనుకునుంటే కనీసం తలొక ప్రశ్న అడిగేవాళ్ళు."

మళ్ళీ నవ్వారు. ఈసారి ఆ నవ్వులో ఆమె కూడా ఉంది. అత్తగారు మాత్రం నవ్వలేదు. కొడుకు వంక తిరిగి, క్యాంటీన్లో ఉంటానన్నావుగా అని అక్కడికక్కడే నిలదీశారు. నువ్వు కళ్ళ డాక్టరు దగ్గర ఉండాలిగా అమ్మా అని ఆయన మెల్లగా అన్నాడు. ఇద్దరినీ పక్కవాళ్ళు కూర్చోబెట్టారు.

నవ్వులు సద్దుమణిగాక, గోడవారగా కూర్చున్న ఒకావిడ చెయ్యెత్తింది. ఆవిడ మా వాళ్ళలో ఎవరూ కాదు కదా అని బోర్డమ్మ రెండుసార్లు చూసింది. కాదు. అచ్చు వేసే ప్రెస్సులో లెక్కలు చూస్తుందట.

"మీ బోర్డులాంటిదే మా దగ్గరా ఉందండీ," అంది ఆవిడ. "అందరి పనీ కనబడుతుంది, బాగానే ఉంది. కానీ ఎవరూ రాయని పనులుంటాయి కదా. ఎంగిలి కప్పులు కడగడం, కొత్తగా చేరినమ్మాయికి దారి చూపించడం, ఏడుస్తున్నవాళ్ళ పక్కన కాసేపు కూర్చోవడం. అవి చేసేవాళ్ళ చీటీలు ఎప్పుడు చూసినా తక్కువే ఉంటాయి. వాళ్ళు ఏ పనీ చేయనట్టే కనబడతారు. ఆ పనులు ఎక్కడ రాయాలి?"

గది నిశ్శబ్దమైంది. ఆమెకు అలవాటైన నిశ్శబ్దం కాదిది. అందరూ మేలుకునే ఉన్నారు. బోర్డమ్మ తన దగ్గరున్న జవాబులన్నీ లోపలే తిరగేసి చూసుకుంది. ఒక్కటీ సరిపోలేదు. తన ఆఫీసులో గేటు దగ్గరుండే పెద్దాయన గుర్తొచ్చాడు. వానలో తడిసి వచ్చిన మెకానిక్కులకు తువ్వాలు తెచ్చిచ్చే మనిషి. ఆయనకు బోర్డు మీద గడే లేదు.

"నాకు తెలియదండీ," అంది. "నిజంగా తెలియదు. ఇన్నాళ్ళూ నేను ఆ సంగతి ఆలోచించనే లేదు."

ఆ మాటతో గదిలో ఒకటొకటిగా చేతులు లేచాయి. రాయమంటే చేసేవాళ్ళకు సిగ్గు అని ఒకరు, చేసినవాళ్ళ బదులు పక్కవాళ్ళు రాయాలని ఇంకొకరు, రాస్తే ఆ పని రుచి పోతుందని మరొకరు. గురకపెట్టినాయన అందరికంటే గట్టిగా వాదించాడు. వేళ దాటిపోయింది. గంట కొట్టాల్సిన నిర్వాహకురాలు గంట పక్కన పెట్టి, తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది.

అందరూ లేచాక ఆవిడ బోర్డమ్మ దగ్గరికొచ్చింది. వచ్చేసారి భోజనానికి ముందు మాట్లాడాలంది. బోర్డమ్మ ఒప్పుకోలేదు. మొదటి మూడు ప్రశ్నలూ లెక్కలోకి రావు కదండీ అంది. నాలుగోది వస్తుందిగా, షరతు ఒక్క ప్రశ్నకే అని ఆవిడ నవ్వింది. మీ అత్తగారొస్తే మాత్రం మైకు సిద్ధంగా ఉంచను, అవసరంలేదు అని కూడా అంది.

ఇంటికి నలుగురూ డ్రైవింగు స్కూలు కారులోనే బయల్దేరారు. నేర్పేవాడికోసం రెండో వైపు కూడా బ్రేకు ఉంటుంది ఆ కారుకు. ముందు సీట్లో కూర్చున్న అత్తగారు ప్రతి మలుపు దగ్గరా దాన్ని తొక్కుతూ, ముగ్గురిలో తనే బాగా అడిగానని వాదిస్తున్నారు. కళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి ఆవిడ నిన్న తీసుకున్న కళ్ళద్దాలు మా కొట్లోవే, సాయంత్రంలోగా తిరిగి అల్మారాలో పెట్టాలని తమ్ముడు వెనకనుంచి బతిమాలుతున్నాడు. భర్త ఎవరి వైపూ మాట్లాడకుండా, బండి ఆగినప్పుడల్లా పరవాలేదంటూ మళ్ళీ నడుపుతున్నాడు.

బోర్డమ్మకు ఆ గొడవేదీ చెవికెక్కడం లేదు. చాలాసేపటికి ముందుకు వంగి, "అత్తయ్యా, మీ వార్డులో ఎవరికీ అప్పజెప్పని పనులు ఎవరు చేసేవారు?" అని అడిగింది.

అత్తగారు బ్రేకు మీదనుంచి కాలు తీశారు. కళ్ళద్దాలు కూడా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఎవరో చేసేవాళ్ళమ్మా. పొద్దునకల్లా అయిపోయి ఉండేవి," అన్నారు, కారులో వాళ్ళకు మాత్రమే వినబడేంత గొంతుతో. అద్దాల కాడలు మడుస్తూ, "నేనూ కొన్ని చేశాన్లే," అన్నారు.

ఏమేం చేశారో చెప్పమంది బోర్డమ్మ. ఇల్లు వచ్చేసినా ఎవరూ కారు దిగలేదు.