పులుసు ఆయనది, పేరు నాది

ఆ రోజుల్లో నాకు కోపం రావడానికి కారణమే అక్కర్లేదని మా వాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. అబద్ధం. కారణాలు ఉండేవి, పెద్దవే ఉండేవి, అవి వాళ్లకు కనిపించేవి కావు, అంతే. కనిపించనివాళ్లకు ఒక కారణమైనా విప్పి చెబుదామని ఇది రాస్తున్నాను. (మా చుట్టాల్లో సగం మందికి ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప ఈ అక్షరాలు చదవడం రాదు. ఆ ధైర్యం కూడా ఉందనుకోండి.) పెళ్లయిన కొత్తలో తమిళనాడు ధర్మపురిలో కాపురం పెట్టాం. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని, ఆయన తాలూకా ఆఫీసులో గుమస్తా. వారమంతా మామూలు మనుషుల్లాగే బతికేవాళ్లం. శనివారం సాయంత్రమయ్యేసరికి మా ఆయనకు పూనకం వచ్చేది. చుట్టుపక్కల ఏ ఊళ్లో ఏ అమ్మవారికి పండగో ఆ ఊరి పూజారికంటే ముందు ఈయనకు తెలిసేది. పండగ ఎంత చిన్నదైతే ఈయనకు అంత సంబరం. మైకు సెట్టు ఒకటి, బెలూన్లవాడు ఒకడు, దీపాలు కట్టిన వేపచెట్టు ఒకటి ఉంటే చాలు, ఆదివారం బైకు ఎక్కించేవాడు. మా పుట్టింటి ఊరు పాపిరెడ్డిపట్టిలో పండగైతే మాత్రం ఎండ ఎక్కువగా ఉందనేవాడు.

సరే, పండగలతో నాకు తగువు లేదు. తగువంతా పులుసుతోనే. నాకు వంట రాదు. రాదంటే, కొంచెం వచ్చినా వినయంగా రాదని చెప్పుకోవడం కాదు. అన్నం పొంగితే మంట తగ్గించాలో, మూత తీయాలో, పక్కింటివాళ్లను పిలవాలో తేల్చుకునేలోపల పొయ్యి ఆరిపోయేది. మా ఆయనకు వచ్చు. సేలంలో చదువుకునేటప్పుడు గదిలో వండుకుని నేర్చుకున్నాడట. ఆదివారం పొద్దున్నే నాటుకోడి తెచ్చి, వీధి తలుపుకు గొళ్లెం వేసి, కిటికీ రెక్కలు మూసి, లుంగీ ఎగగట్టి మొదలుపెట్టేవాడు. ధనియాలు, మిరియాలు, ఎండుమిరపకాయలు వేయించి, కొబ్బరి, గసగసాలు చేర్చి మెత్తగా నూరి, మా వైపు కొళంబు అంటామే, ఆ కోడిపులుసు చేసేవాడు. పక్కన రాగి సంగటి. నేను గడప దగ్గర కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కాపలా కాసేదాన్ని. ఎవరైనా తలుపు తడితే ఆయన గరిటె నా చేతికిచ్చి, తానుపోయి కుర్చీలో కూర్చుని, నా పేపర్లు తలకిందులుగా పట్టుకునేవాడు. అంత భయం దేనికంటే, ఒకటే జవాబు. "మొగోడు పొయ్యికాడ ఉండాడని తెలిస్తే మా అక్క బతకనిస్తాదా నన్ను?"

ఆ అక్క, అంటే నాకు పెద్ద ఆడబిడ్డ, పళ్లిపట్టి అనే ఊళ్లో ఉండేది. పళ్లిపట్టి వదిన అంటాం. మా వైపు పండగకు పిలిచిన ఇంటికి ఉత్త చేతులతో పోరు, పూలో పండ్లో తీసుకుపోతారు. ఈయన క్యారియర్ నిండా పులుసు తీసుకుపోయేవాడు. మొదటిసారి పళ్లిపట్టి పండగకు పోయినప్పుడు వదిన వేలితో నాకి చూసి, కళ్లు పెద్దవి చేసి, "ఎవరమ్మా చేసింది ఇది?" అంది. నేను నోరు తెరిచాను. మా ఆయన నా కాలి బొటనవేలు తొక్కాడు. "ఇంకెవురు అక్కా, ఆమే" అన్నాడు. వదిన నా బుగ్గలు పుణికి, "చదువుకున్న పిల్ల, మా వాణ్ణి పస్తు పెడతాదేమో అనుకుంటిని. ఎంత చెయ్యి నీది!" అంది. పొగడ్త నా చెవిలో పడింది, నవ్వు ఆయన మొహం మీద వెలిగింది. ఆ తరువాత పోయిన ప్రతి పండగలోనూ ఇదే. నేను నోరు తెరవడం, ఆయన నా వేలు తొక్కడం. ఇంటికొచ్చి నేను అరిచేదాన్ని. "మీ పేరు మీరు చెప్పుకునేదానికి ఏం?" అంటే, "ఎవురు పేరైతే ఏమే, మన ఇంటికే కదా వచ్చేది" అనేవాడు. మన ఇంటికి కాదు, నా నెత్తి మీదికి వస్తోందని ఆయనకు ఎంత చెప్పినా ఎక్కలేదు. మంచి వంటగత్తె అన్న పేరు ఆడదానికి ఒకసారి అంటుకుందంటే సబ్బుతో రుద్దినా పోదు.

నా నెత్తి మీదికి వచ్చింది కూడా. వదినకు, ఆమె మొగుడు పళ్లిపట్టి అన్నకు కూడలిలో ఒక అంగడి గది ఖాళీగా పడి ఉండేది. బస్సులన్నీ ఆగే చోటు. ఒక ఆదివారం ఇద్దరూ ధర్మపురి వచ్చి, ఈయన చేసిన పులుసే తిని, చెయ్యి కూడా కడుక్కోకుండా విషయం చెప్పారు. ఆ గదిలో మెస్సు పెడతారట. వంటకు నేనట. స్కూలు సంవత్సరం అయిపోతూనే ఉద్యోగం మానేసి, వాళ్ల మిద్దె మీద గదిలోకి కాపురం మార్చాలట.

"ఇంత మంచి చెయ్యి పెట్టుకోని పిల్లోళ్లకు కూడికలు తీసివేతలు చెప్పుకుంటా ఉండావే!" అంది వదిన, నా మీద జాలిపడి.

"ఈయన ఉద్యోగం?" అన్నాను.

"వాడు దినమూ బస్సులో పోయి వస్తాడు. మొగోడి ఉద్యోగం ఎట్ల మానేది?" అన్నాడు అన్న.

నేను మా ఆయన మొహం చూశాను. ఆయన విస్తరి చూశాడు. మా వీధి మారెమ్మ పండగకు, మెస్సులో భాగం చేరే బియ్యం మండీ ఆయనను తీసుకొస్తామనీ, ఆయన కూడా రుచి చూస్తే ఖాయం చేసుకోవచ్చుననీ చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. ఆ వారమంతా మా ఇంట్లో జరిగిన యుద్ధం రాయను. చదువుకుని, బడిలో చేరడానికి మా నాయనతో కొట్లాడి, తెచ్చుకున్న ఉద్యోగం అది. వీధిలో పిల్లలు "టీచరు, టీచరు" అని పిలుస్తుంటే వెనక్కి తిరిగి చూసే సుఖం అది. దాన్ని ఈయన కోడిపులుసులో వేసి ఉడకబెట్టాడు. "నిజం చెప్పండి" అంటే, "పండగ కానీలే, నిదానంగా చెప్తా" అంటాడు. ఆయన నిదానం నాకు తెలుసు. నన్ను మెస్సులో కూర్చోబెట్టి, మనవళ్లు పుట్టాక చెబుతాడు.

ఈలోగా ఆయన ఇంకో ఘనకార్యం చేశాడు. పండగ మొదలయ్యే రోజు గుడిలో వీధివాళ్లంతా చేరి, అమ్మవారికి పాలకుండ నెత్తికెత్తుకుని మోసేదానికి ఇంటికొక మగవాడు కాప్పు కట్టుకోవాలన్నారు. కాప్పు అంటే పసుపు పూసిన దారం, అమ్మవారి ముందు మణికట్టుకు కట్టేది. కట్టుకుంటే పండగ ముగిసి విప్పేదాకా నీసు తినకూడదు, తాకకూడదు, వండే ఇంట్లో అడుగు పెట్టకూడదు, గుడి మండపంలోనే ఉండాలి. మేళం వింటే ఈయనకు ఒళ్లు తెలియదు కదా. అందరికంటే ముందు చెయ్యి చాపాడు. వీధి చివర నుంచి వెలిగిపోతూ వచ్చి, గడప అవతల నిలబడి మణికట్టు ఎత్తి చూపించాడు.

"బాగుండాది" అన్నాను. "ఆదివారం పులుసు ఎవురు చేసేది?"

ఆ మొహం మీద వెలుగు ఎట్లా ఆరిపోయిందో చూడటానికి నాకు చాలా ఆనందమైంది. చేయాల్సింది నేనే అని గుర్తుకొచ్చేదాకానే నిలిచింది ఆ ఆనందం. బస్సెక్కి పుట్టింటికి పోదామనుకున్నాను. కానీ పోతే మెస్సు ఆగదు, కోడలికి పొగరని ఇంకో పేరు వచ్చి చేరుతుంది. నా ఉద్యోగం తీసేసేవాళ్లు వచ్చి నా ఇంట్లో కూర్చుంటుంటే నేను లేకుండా ఎట్లా?

ఆదివారం వంట జరిగిన తీరు మా పెరటి గోడకు మాత్రమే తెలుసు. గోడకు ఇటు నేను, పొయ్యి మీద కోడి. అటు సందులో మా ఆయన, వాసన తగలకుండా తువ్వాలు ముక్కుకు కట్టుకుని.

"ఎర్రగడ్డలు వేగినాయా?"

"వేగినట్ల ఎట్ల తెలిసేది?"

"వాసన చూడు!"

"మీరే చూడండి, మీకు కదా తెలుసు!"

"నేను చూడకూడదే, కాప్పు!"

"అయితే కాప్పునే అడగండి!"

"అమ్మోరిని ఏమీ అనొద్దే... మసాలా వేసినావా? నీళ్లు?"

"ఎంత?"

"కోడి మునిగేంత!"

"అది మునగలేదు, తేలతా ఉండాది!"

అంతలో గుడి దగ్గర మేళం మొదలైంది, ఈయన పాలకుండ ఎత్తడానికి పరుగెత్తాడు. చెప్పాల్సిన సగం చెప్పకుండా పోయాడు. నేను ఉప్పు వేయలేదు. అడుగు మాడిందని నాకు తెలిసింది పొగ వచ్చాకనే. సంగటి సంగతి అడగకండి, అది కొంత గట్టిగా, కొంత జావగా, ఏ ముక్కకు ఆ ముక్క తన ఇష్టం వచ్చినట్టు తయారైంది. అయినా నాకు లోలోపల సంబరంగానే ఉంది. ఇది ఒక ముద్ద నోట్లో పెట్టుకుంటే మెస్సు మాట మళ్లీ ఎత్తరు. నా పని నిజం చెప్పకుండానే అయిపోతుంది.

వాళ్లు వచ్చారు. వదిన, అన్న, బియ్యం మండీ ఆయన. వడ్డించాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ముగ్గురూ ఒకేసారి ఆగిపోయారు.

"కోడి ముసలిదేమో" అన్నాడు అన్న, ఎంతో మర్యాదగా.

"ఈ గ్యాసు మంటలో రుచి యాడ వస్తాది" అన్నాడు బియ్యం మండీ ఆయన. "మెస్సులో కట్టెల పొయ్యి పెట్టిస్తాం."

వదిన నా తల నిమిరింది. "దిష్టి తగిలిందమ్మా నీ చేతికి. ఇంత పేరు వచ్చింది కదా, ఊరి కండ్లన్నీ నీ మిందే. సాయంత్రం మిరపకాయలు దిగదీస్తా."

అప్పుడు వచ్చింది నాకు కోపం. నేను జీవితంలో ఎన్నో కోపాలు చూశాను, అంత మంచి కోపం మళ్లీ రాలేదు. బాగా చేస్తే నా చెయ్యి మంచిది, చెడగొడితే కోడి ముసలిది. ఎటు తిరిగినా మెస్సే. గరిటె పట్టుకుని నడింట్లో నిలబడి అరిచాను. "దిష్టి లేదు, కోడి ముసలిదీ కాదు! నాకు వంట రాదు! ఇన్ని దినాలు మీరు తిన్నదంతా మీ తమ్ముడు చేసింది. తలుపులు మూసుకోని, లుంగీ ఎగగట్టుకోని, మీ తమ్ముడు!"

నవ్వారు. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. "చూసినావా, మొగుడి మీద ఎంత ప్రేమో! తన పేరు కూడా వాడికే ఇస్తాది" అంది వదిన కళ్లు తుడుచుకుంటూ. నాకు నిజం చెప్పడం కూడా రాదని ఆ రోజే తెలిసింది.

పాలకుండ దించి, ఒంటినిండా పసుపునీళ్లతో మా ఆయన అప్పుడే వీధిలోకి వచ్చి, గడపకు దూరంగా నిలబడ్డాడు. వదిన నవ్వుతూనే పిలిచింది. "రేయ్, నీ పెండ్లాం ఏమంటా ఉండాదో వింటివా? కొళంబంతా నువ్వే చేసినావంట!" ఆయన నవ్వబోయాడు. వేలు తొక్కడానికి నేను అందేంత దగ్గర లేను. వదిన నవ్వు ఆపి, ఆయన మొహం చూసి, మెల్లగా అంది. "చేతికి కాప్పు ఉండాది రా. అమ్మోరి ఎదుట నిలబడినట్ల. చెప్పు."

ఆయన దారం చూసుకున్నాడు. గుడి వైపు చూశాడు. చివరికి నా వైపు చూశాడు. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకుండా ఉన్న ఘట్టాలు మా కాపురంలో తక్కువ.

"అవును అక్కా" అన్నాడు. "అంతా నేనే చేసింది. ఆమెకు నీళ్లు కాచేది కూడా సరిగా రాదు." (ఆ రెండో మాట ఎవరూ అడగలేదు.)

వదిన లేచి గడప దాకా పోయింది. కొడుతుందనుకున్నాను. ఆమె కొట్టలేదు, అడిగింది. "నా చేత్తో ఇన్నేండ్లు వండి పెట్టినాను కదరా నీకు. ఒక్క దినం, ఒక్క దినమైనా, అక్కా నువ్వు కూర్చో అని నాకు వండి పెట్టినావా?"

వదినతో నాకు అంతకుముందు, ఆ తరువాత ఎన్ని తగువులైనా, ఆ క్షణం ఆమె పక్కన పోయి నిలబడాలనిపించింది. నిలబడ్డాను కూడా. అక్కడితో ఆగి ఉంటే కథ బాగుండేది. ఆగడం నా వల్ల కాదు. అన్న వైపు తిరిగి, "సరే, ఇప్పుడు తెలిసింది కదా. మెస్సు ఈయన చేత పెట్టిద్దాం. ఉద్యోగం మానమనండి" అన్నాను.

అన్న నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఏమ్మా, ఏం మాట! గవర్నమెంటు ఉద్యోగం, మొగోడు. ఎట్ల మానేది?" అన్నాడు. బియ్యం మండీ ఆయన కూడా తల ఊపాడు. ఆ చెయ్యి నాదైతే నా ఉద్యోగం పోవాలి. అదే చెయ్యి ఆయనదైతే మెస్సే పోవాలి. ఈ లెక్క నేను ఏ తరగతికీ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు, అయినా అక్కడున్న మగవాళ్లందరికీ నోటికి వచ్చు. పులుసులో వేయడం మరచిపోయిన ఉప్పునంతా ఆ పూట నా మాటల్లో వేశాను. వాళ్లు సంగటి వదిలేసి బస్సుకు పోయారు. వదిన మాత్రం పండగ ముగిసేదాకా ఉండి, కాప్పు విప్పిన సాయంత్రం, "ఊ, ఇప్పుడు చెయ్యి చూద్దాం" అని మా వంటగది మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. ఈయన తలుపులు తెరిచి పెట్టి వండాడు. ఆమె తిని, "మిరియాలు ఎక్కువైనాయి" అంది. నేను బడిలోనే ఉన్నాను, ఇప్పటికీ ఉన్నాను.

ఇప్పుడు బైకు పోయి కారు వచ్చింది, ఇద్దరికీ మోకాళ్లు అరిగాయి, ఆదివారాలు మాత్రం మారలేదు. మొన్న మా పక్క ఊరు ఇండూరులో ఒకరింటికి పండగ భోజనానికి పోయాం. కొత్త కోడలు వడ్డిస్తుంటే అందరూ ఆ పిల్ల చేతిని తెగ పొగిడారు. నాకు ప్రాణం ఊరుకోలేదు. చెయ్యి పట్టి ఆపి, "నువ్వేనా చేసింది? భయపడొద్దు, నిజం చెప్పు" అన్నాను.

"నేనే పెద్దమ్మా."

"మీ ఆయన?"

"ఆయనా?" ఆ పిల్ల ముద్దుగా నవ్వింది. "ఆయనకు గ్యాసు ముట్టించేది కూడా రాదు!"

నేను నోరు తెరిచేలోపల మా ఆయన చెయ్యి కడుక్కుని కారు దగ్గర నిలబడ్డాడు. "ఆ పిల్లకు వంట చేసేది ఇష్టమేమోలే, ఏంటికి కొట్లాట?" అన్నాడు. దారి పొడుగునా ఆయనతో వాదించాను. వాదించాను గాని, కోపం అప్పట్లా రగలలేదు. నడింట్లో గరిటె పట్టుకుని అరిచిన ఆ పాత పిల్ల గుర్తొచ్చింది. ఆమె అయితే కారు ఆపించి వెనక్కి నడిచిపోయి ఉండేది, ఆ పిల్లనూ, ఆమె మొగుణ్ణీ, అత్తగారినీ ఎదురుగా నిలబెట్టుకుని తేల్చుకుని ఉండేది. నేను కిటికీ అద్దం దించుకుని గాలికి మొహం పెట్టి, "ఇంటికి పోయి కొంచెం రసం పెడతారా?" అని అడిగాను.