అవ్వకు చెప్పినట్టు

ఎనభైల చివర్లో నేను మహబూబ్‌నగర్‌లో పశువైద్యురాలిగా పనిచేస్తున్నప్పుడు, కొత్తగా ఉద్యోగంలో చేరిన డాక్టర్లకు అత్యవసర చికిత్సలు నేర్పించే పని నా మీద పడింది. నేర్పేది నేను కాదు. జిల్లాలో అనుభవమున్న డాక్టర్లను పిలిపించి, తరగతి ఏర్పాటు చేసి, అది సరిగ్గా నడిచేలా చూడటం నా బాధ్యత. ఆ పని ఇంకెవరూ ఒప్పుకోకపోవడం వల్లే నాకు వచ్చిందని తర్వాత తెలిసింది.

మొదటి తరగతికి నేను పిలిచిన డాక్టరు కోస్గి దాటాక ఒక చిన్న ఊరి పశువుల దవాఖానలో ఉండేవాడు. యాభై దాటిన మనిషి. ఈనలేక అవస్థ పడుతున్న బర్రెలను, కడుపు ఉబ్బి పడిపోయిన ఎడ్లను ఆయన దగ్గరికి చాలా దూరం నుంచి బండ్ల మీద తీసుకొచ్చేవారు. నాకన్నా బాగా చదువుకున్న డాక్టర్లు కూడా తమ చేత కాని కేసును ఆయన దగ్గరికే పంపేవారు. అలాంటివాడు వచ్చి చెబితే కొత్తగా చేరిన ఈ పిల్లలకు మేలని నేను సంతోషపడ్డాను.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల మీద లావుపాటి పుస్తకం తెరిచి, ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు. తల ఎత్తలేదు. ఎవరైనా ప్రశ్న అడిగితే అదే వాక్యం మళ్ళీ చదివాడు. కిటికీల్లోంచి వేడిగాలి కొడుతోంది. మధ్యాహ్నానికి సగం మంది కళ్ళు మూతలు పడ్డాయి. సాయంత్రం ప్రాక్టికల్ కోసం ఒక ఎద్దును తెప్పించాం. దాని గొంతులోకి గొట్టం ఎలా దింపాలో చూపించమంటే, ఆయన క్షణాల్లో దింపేసి చేతులు కడుక్కున్నాడు. చుట్టూ నిలబడ్డ కొత్త డాక్టర్లకు ఆయన వీపు తప్ప ఏమీ కనిపించలేదు.

తర్వాత వాళ్ళలో ఒకడిని అడిగాను, ఏం నేర్చుకున్నావని. నల్లగొండ వైపు పిల్లవాడు, సన్నగా ఉండేవాడు, మొహమాటస్తుడు.

"సార్ చానా పెద్ద డాక్టర్ మేడం," అన్నాడు. అంతకుమించి చెప్పలేకపోయాడు.

లోపం ఎక్కడుందో నాకు అర్థం కాలేదు. ఆయన పని చేసే చోటే చూద్దామని ఒకరోజు బస్సెక్కి ఆ దవాఖానకు వెళ్ళాను. రేకుల కప్పు, ముందు ఒక వేపచెట్టు, పశువును నిలబెట్టి కట్టడానికి ఇనుపగొట్టాల చట్రం, పక్కన నీళ్ళ తొట్టి. నేను వెళ్ళేసరికి ఒక ముసలావిడ మేకను ఎత్తుకుని వచ్చి ఉంది. ఎవరింట్లోనో పెండ్లి అయితే పారబోసిన అన్నం తిని మేక పొట్ట ఉబ్బిపోయింది. అది పళ్ళు కొరుకుతూ మూలుగుతోంది.

డాక్టరు మేకను నిలబెట్టి, ముసలావిడ చెయ్యి పట్టుకుని దాని ఎడమ డొక్క మీద పెట్టాడు.

"గీడ కొట్టు అవ్వా. ఎట్ల మోగుతాంది?"

"డప్పు లెక్క మోగుతాంది సారూ."

"గది గాలి. ఇప్పుడు కుడిదిక్కు కొట్టు. గట్ల మోగుతలేదు గదా? గాలి ఎడమకే వడతది. గిది ఎక్కువైతే ఊపిరాడదు. గందుకే ముందు గాలి తీస్త, తర్వాత మందిస్త."

ఆయన గొట్టం దింపుతూనే ఉన్నాడు, చెబుతూనే ఉన్నాడు. మేక మింగేటప్పుడు తోస్తే గొట్టం పొట్టలోకి పోతుందని, దగ్గిందంటే ఊపిరితిత్తుల్లోకి పోయినట్టని, అప్పుడు వెంటనే వెనక్కి తీయాలని చెప్పాడు. గాలి బుస్సుమని వచ్చింది. మేక కాళ్ళు నిలదొక్కుకుంది. పని అయిపోయాక కూడా ఆయన ఆవిణ్ణి వదల్లేదు.

"ఇప్పుడు నువ్వు చెప్పు. రేపు ఇంకో మేకకు గిట్లయితే ఏం జేస్తవ్?"

"ముందుకాళ్ళు ఎత్తు జాగల వెడ్త. నోట్ల యాపపుల్ల అడ్డం గడ్త, నములుకుంట ఉంటది. నీ కాడికి ఉరికొస్త."

"నూనె పోస్తవా?"

"నాలుక గుంజి పొయ్యొద్దంటివి గదా, ఊపిరిల వడ్తదని."

"మంచిగ చెప్పినవ్. పో ఇగ, రేపటిదాంక మేత వెట్టకు."

ఒక మంచి పాఠానికి కావలసినదంతా అక్కడ ఉంది. చేత్తో తాకించాడు, కారణం చెప్పాడు, తిరిగి ఆవిడ చేత చెప్పించాడు. మహబూబ్‌నగర్ హాల్లో పుస్తకం చదివిన మనిషి ఈయనేనా అనిపించింది.

హోటల్లో చాయ్ తాగుతూ ఆ మాటే ఆయనతో అన్నాను. "సార్, మీరు ఆ అవ్వకు చెప్పినట్టే మా పిల్లలకూ చెప్పండి. అంతకన్నా ఏమీ అక్కర్లేదు."

ఆయన మొహం మారిపోయింది. గ్లాసు కింద పెట్టాడు.

"గా ముసలామె రైతు, అమ్మా. వాళ్ళు డాక్టర్లు. రైతులకు చెప్పినట్టు డాక్టర్లకు చెప్తే నాకేం ఇజ్జత్ ఉంటది?"

నేను చాయ్ డబ్బులిచ్చి లేచాను. బస్సు వచ్చేదాకా ఇద్దరం చెట్టు కింద బల్ల మీద కూర్చున్నాం. అక్కడ ఆయనే తన సంగతి మొదలుపెట్టాడు.

ఆయన తండ్రి ఒక ఆసామి దగ్గర పశువుల కాడ జీతమున్నాడు. వాళ్ళకు సెంటు భూమి లేదు. ఊళ్ళో చర్చి వాళ్ళ బడి ఉండటం వల్ల ఈయన చదువుకోగలిగాడు. పశువైద్య కళాశాలలో సీటు వచ్చినప్పుడు వాడంతా సంబరపడింది. అక్కడ మొదటి ఏడాది ఒక మౌఖిక పరీక్షలో, ఈనడానికి సిద్ధంగా ఉన్న బర్రె లక్షణాలు చెప్పమన్నారు.

"నాకు పుట్టినకాడికెల్లి ఎరుకే అది. మా నాయిన ఎంబడి పండుకుంట లేసుకుంట చూసిన. ఇంగ్లీషు మాట యాదికి రాక, 'బర్రె ఈనుతాందంటే సార్, ఎనకపక్క బొక్కలు సడలుతయి' అన్న. బొక్కలంటే మాకు ఎముకలే. పరీక్ష పెట్టినాయన నవ్విండు. ఎనకున్నోళ్ళంత నవ్విండ్రు. చదువు అయిపొయ్యేదాంక 'ఎనకపక్క బొక్కలు' అనే పిలిచిండ్రు నన్ను." ఆయన మెల్లగా చెబుతున్నాడు. కోపం లేదు. "గప్పటి నుంచి క్లాసుల నిలబడి నోరు తెరిస్తే ఇంగ్లీషే. తప్పు పోతదని పుస్తకం పట్టుకుంట."

నాకూ ఆ నవ్వు తెలుసు. హైదరాబాద్‌లో చదివేటప్పుడు నా మాట విని ఎదురుగా నవ్వినవాళ్ళున్నారు. అందుకే నేను రెండు రకాలుగా మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పాను.

"మా పిల్లలు నవ్వరు సార్," అన్నాను.

"నీకెట్ల తెలుసు?"

"ముందుగాల నేను మాట్లాడ్త. నన్ను చూసి నవ్వితే మీరు పుస్తకమే చదువుండ్రి."

 బస్సు వస్తే ఆయన మాట ఇవ్వకుండానే నన్ను ఎక్కించి వెళ్ళిపోయాడు. కానీ తర్వాతి తరగతికి వచ్చాడు. పుస్తకం సంచిలోనే ఉంది.

అన్నమాట ప్రకారం ఆరోజు మొదట నేను మాట్లాడాను. మా ఊళ్ళో ఇంట్లో ఎలా మాట్లాడతానో అలాగే, వాడిపోయిన జొన్న మొలక మేసిన పశువుకు ఏమవుతుందో చెప్పాను. ఎవరూ నవ్వలేదు. పైగా వెనక వరుసలో ఒకడు, "మా దిక్కు గూడ గట్లనే అయితది మేడం," అని తన ఊళ్ళో జరిగింది చెప్పాడు. ఆయన మూల కుర్చీలో కూర్చుని వింటున్నాడు.

ఆయన వంతు వచ్చేలోగా బయట గోల వినిపించింది. ఊళ్ళో పాలు అమ్ముకునే ఒక ముస్లిం పెద్దమనిషి బర్రెను తోలుకొచ్చాడు. తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోందట. దూడ ముందుకాళ్ళు రెండూ బయటికి వచ్చాయి, తల రాలేదు. అందరం బయటికి వెళ్ళాం. మా ఆవరణలోనూ ఉన్న ఇనుపగొట్టాల చట్రంలో బర్రెను కట్టాం. డాక్టరు చొక్కా చేతులు పైకి మడవబోయి, నా వైపు చూసి ఆగాడు. ఇలాంటి సందర్భం వస్తే ఏం చేయాలో తరగతికి ముందే మేం మాట్లాడుకున్నాం. పిల్లల్లో ఒకరు చెయ్యి పెట్టాలి, ఆయన పక్కన నిలబడి నోటితో నడిపించాలి.

నల్లగొండ పిల్లవాడు ముందుకొచ్చాడు. పాలాయన కంగారుపడ్డాడు.

"కొత్త పిలగానితోని చేపిస్తరా సాబ్? మీరే చూడుండ్రి. నాకున్నది గీ ఒక్క బర్రె."

"నేను గీడ్నే నిలబడ్డ. జర సేపు చూస్త. బర్రెకు కష్టమైతాందంటే నేనే చెయ్యి పెడ్త. నీకు ఇష్టం లేకపోతే ఇప్పుడే చెప్పు, ఇప్పుడే పెడ్త."

పాలాయన ఆ కుర్రాడి మొహం ఒకసారి, డాక్టరు మొహం ఒకసారి చూశాడు. "మీరు పక్కనుంటే సరే," అన్నాడు.

తోక మొదట్లో మత్తు సూది ఇచ్చారు. పిల్లవాడు భుజం దాకా సబ్బునీళ్ళు రాసుకుని చెయ్యి లోపల పెట్టాడు. డాక్టరు రెండు చేతులతో చట్రం ఇనుపగొట్టాన్ని పట్టుకున్నాడు.

"ఏం తగుల్తాంది?"

"మెడ సార్. ఎడమదిక్కు తిరిగింది."

"మెడ ఎంబడే తడుముకుంట పో. తొందర లేదు."

"మెత్తగ ఏదో… చెవి సార్."

"చెవి కాడ ఆగకు. దాని ముందట కన్నుంటది, దాని కింద దవడ. కాని గంతదూరం నీ చెయ్యి పోదు, జాగ లేదు. ముందు దూడను లోపలికి తొయ్యాలె. బర్రె ముక్కినప్పుడు తొయ్యకు, నీ చెయ్యే ఇరుగుతది. అది ఊపిరి ఇడిసి సల్లబడ్డప్పుడు తొయ్యి."

బర్రె ముక్కింది. పిల్లవాడి పళ్ళు బిగుసుకున్నాయి. అది నెమ్మదించగానే తోశాడు. మళ్ళీ ముక్కింది. అతని చెమట గడ్డం మీంచి కారుతోంది. "దొరుకుతలేదు సార్," అన్నాడు. డాక్టరు ఎడమచెయ్యి గొట్టాన్ని వదిలేసింది. ఆయన ఒక అడుగు ముందుకు వేశాడు. బర్రె మొహంలోకి చూశాడు, దాని చెవులు పట్టి చూశాడు. మళ్ళీ వెనక్కి వచ్చి గొట్టం పట్టుకున్నాడు.

"బర్రె మంచిగనే ఉన్నది. నువ్వు జర చెయ్యి బయటికి తీసి ఊపిరి తీసుకో. తిమ్మిరెక్కిన చెయ్యికి ఏం ఎరుకగాదు. ఇంకింత సబ్బు రాసుకో."

రెండోసారి పెట్టినప్పుడు మూతి దొరికింది. "అరచేతిల మూతి దాసుకో. పండ్లు బయటికుంటే లోపల చీరుతయి. గట్ల పట్టుకొని నీ దిక్కు తిప్పుకో," అంటూ ఆయన తన ఖాళీ అరచేతిని అందరికీ కనిపించేలా ముడిచి చూపించాడు. వెనక నిలబడ్డ మిగతావాళ్ళు కూడా తెలియకుండానే చేతులు అలాగే ముడిచారు.

తల తిరిగింది. కాళ్ళకు తాళ్ళు కట్టి మెల్లగా లాగితే దూడ బయటికి వచ్చింది. అది చనిపోయి ఉంది.

పిల్లవాడు పక్కనున్న నీళ్ళ తొట్టి గట్టు మీద కూలబడ్డాడు. తన ఆలస్యం వల్లే పోయిందనుకున్నాడు. బర్రెకు మందులు ఇచ్చాక డాక్టరు వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు. మిగతావాళ్ళు చుట్టూ చేరారు. ఇలాంటప్పుడు తప్పులు ఎంచకుండా ముందు వాళ్ళనే మాట్లాడనివ్వమని నేను ఆయనను అడిగి ఉన్నాను.

"నీకు ఏడ కష్టమనిపిచ్చింది?"

"చెవి దొరకంగనే తల వచ్చిందనుకున్న సార్. గాడ్నే గుంజిన కొద్దిసేపు." దూడ వైపు చూసి అడిగాడు, "దూడ ఎప్పుడు పోయింది సార్? నేను చెయ్యి పెట్టినంకనా?"

"కాదు. కంటిమీద పొర చూడు, ఎట్ల తెల్లగయిందో. మన కాడికి రాకముందే పోయింది." ఆయన తల పంకించాడు. "గది నేను నీకు ముందే చెప్పాలె. చెయ్యి పెట్టంగనే దూడ డెక్కల నడుమ గిచ్చి చూడాలె. కాలు గుంజుకుంటే బతికున్నట్టు. నాకు అలవాటై నా చెయ్యి దానంతట అదే చేస్తది, గందుకే నోటికి రాలేదు. ఇయ్యాల నేను మరిచిన ముక్క గది. రాసుకోండ్రి."

ఇంతలో పాలాయన దగ్గరికి వచ్చాడు. దూడ పోయినందుకు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పాలిస్తదా సాబ్ బర్రె?" అని అడిగాడు. డాక్టరు పిల్లవాడి వైపు తిరిగి, "నువ్వు చెప్పు," అన్నాడు. అతను మొదట రెండు ఇంగ్లీషు మాటలు అన్నాడు, ఆగిపోయాడు, మళ్ళీ మొదలుపెట్టి, మాయ పడిందా లేదా ఎలా చూడాలో, బర్రె మేత ముట్టకపోతే ఎప్పుడు తీసుకురావాలో, దూడ లేకుండా పాలకు ఎలా అలవాటు చేయాలో తెలుగులో చెప్పాడు. పాలాయన విని, మాయ సంగతి రెండోసారి అడిగి, బర్రెను తోలుకుపోయాడు. అది బతికింది, పాలూ ఇచ్చింది.

ఆ తర్వాత ఆ డాక్టరు చాలా తరగతులకు వచ్చాడు. ఒకసారి రెండు రోజులకని వచ్చి నాలుగు రోజులు ఉండిపోయాడు. ఇంగ్లీషు మాటలు పూర్తిగా మానలేదు, మానమని నేనూ అనలేదు. మందుల పేర్లు, రోగాల పేర్లు పిల్లలకు రావాలి కదా. కానీ పుస్తకం పట్టుకోవడం మానేశాడు. మిగతా పెద్ద డాక్టర్లను కూడా నేను తరగతికి ముందు వాళ్ళ దవాఖానలకు వెళ్ళి చూడటం మొదలుపెట్టాను. చాలామంది రైతులకు బాగానే చెప్పేవారు.

తొంభైలలో నాకు నల్లగొండకు బదిలీ అయింది. మహబూబ్‌నగర్‌లో నేర్చుకున్న పద్ధతి అక్కడ పారలేదు. అక్కడ గాయాలు కుట్టడంలో పేరున్న ఒక డాక్టరు ఉండేవాడు. కేతేపల్లి దగ్గర పెద్దరోడ్డు మీద లారీలు కొట్టేసిన ఎడ్లు, గొర్లు ఆయన చేతిలోకే వచ్చేవి. ఆయన చక్కటి తెలుగులోనే చెప్పేవాడు, వివరంగా చెప్పేవాడు. కానీ చేతిలో కత్తెర ఉన్నంతసేపూ తిట్టేవాడు. కొత్త డాక్టర్లు నోరెత్తేవారు కాదు. ఒక ఎద్దు తొడ గాయంలో రక్తం కారుతున్న నాళం వాళ్ళలో ఒకమ్మాయికి కనిపించినా, అడిగితే తిడతాడని ఊరుకుంది. కుట్లు మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

ఆ మాట ఆయనతో అన్నాను.

"నన్ను గిట్లనే తిట్టి నేర్పిండ్రమ్మా. నేను నేర్చుకోలేదా?"

"నేర్చుకున్నరు సార్. కాని ఆ పిల్ల చూసి కూడ చెప్పలేదు."

ఆయన కత్తెర సర్దుకుని వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు నాతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ ఎద్దు కుంటుతూ మిగిలిందని తెలిసినప్పుడు మాత్రం తనే నా గదికి వచ్చాడు.

"రేపు ఆపరేషన్ ఉన్నది. నువ్వు ఎనకకు నిలబడు. నేను ఏడ అరిచిన్నో చూసి తర్వాత చెప్పు. ఆళ్ళ ముందట చెప్పకు."

అలా చాలాసార్లు ఆయన వెనక నిలబడ్డాను. అరుపు ఎక్కువగా రక్తం కనిపించినప్పుడే వస్తుందని చెబితే ఆయనే ఆశ్చర్యపోయాడు. అది భయమని ఒప్పుకోవడానికి ఇంకొంత కాలం పట్టింది. ఆపరేషన్ బల్ల దగ్గర తిట్లు తగ్గాయి. చేతులు కడుక్కుని బయటికొచ్చాక మాత్రం అటెండర్ల మీద, డ్రైవర్ల మీద ఎప్పటిలాగే అరిచేవాడు. దానికి నేనేమీ చేయలేకపోయాను. కొత్త డాక్టర్లు మాత్రం బల్ల దగ్గర మళ్ళీ అడగడం మొదలుపెట్టారు.