సుగుణమ్మ మారు వడ్డన

నందికొండకు డ్యామ్ చూడవచ్చినవాళ్లు లాంచీ ఎక్కేముందు సుగుణమ్మ చేపల పులుసు తినిపోవడం ఒక ఆనవాయితీ. భర్త భిక్షం వలలో పడ్డ రవ్వచేప, ఆమె మట్టికుండ, నెత్తిన నాలుగు రేకులు, అంతే ఆ హోటలు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ రేకులు కాస్తా పోయాయి. ఇంట్లో ఇద్దరికి వండుదామంటే ఆమెకు చేతకాదు, ఎంత చూసి వేసినా ఉప్పెక్కువ. పదిమందికి పెట్టని బతుకూ ఒక బతుకేనా అని ఆ ఎండాకాలమంతా ఆమె ముఖం వేలాడేసుకుని తిరిగింది.

అలాంటప్పుడు టీవీలో వంటలు చేసి పేరు తెచ్చుకున్న షెఫ్ రఘుపతి హోటలు నీళ్లకెదురుగా వెలిసింది. హైదరాబాదులో, గోవాలో ఉన్నవాటికి ఇది చెల్లెలట. మేనేజరు అరుణ్ ఊళ్లో వాకబు చేసి పులుసుకు సుగుణమ్మను పెట్టుకున్నాడు. తెల్లకోటు, టోపీ ఇచ్చాడు. అద్దంలో చూసుకుని ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. షరతు ఒక్కటే, వంటగది దాటి హాల్లోకి రాకూడదు. వస్తే పని పోతుంది. మళ్లీ పొయ్యి దొరికిన సంబరంలో ఆమె దేనికైనా తలూపేది.

చిక్కు పళ్లెంతో వచ్చింది. చాటంత పళ్లెం, నడుమ ఒకే ఒక్క ముక్క, చుట్టూ ముగ్గు పెట్టినట్టు పులుసు బొట్లు. సరే, పట్నం పద్ధతి కాబోలు అనుకుంది. కానీ ఆ పళ్లేలు తుడిచినట్టు ఖాళీగా తిరిగొస్తున్నాయి. అరుణ్‌కి అది గర్వం, సుగుణమ్మకు తలవంపులు. ఆమె ఎరిగిన ఇళ్లలో తినేవాళ్లు పళ్లేనికి చేయి అడ్డం పెట్టాలి, పెట్టినా ఇంకో గరిటె పడాలి, అప్పుడే భోజనం అయినట్టు. పళ్లెం ఖాళీగా లేచిందంటే వడ్డించినవాళ్ల చేయి పీనాసిదని అర్థం.

"మంది ఆకలితోని లేసిపోతుండ్రయ్యా," అని ఇంటికెళ్లి భిక్షం ముందు కళ్లు తుడుచుకుంది. మందితో నీకేం ఫికర్, ఉన్న పొయ్యి కాపాడుకో అన్నాడతను.

కాపాడుకునేదే. ఒక ఆదివారం రఘుపతే అతిథులను వెంటేసుకుని దిగాడు. తలుపు సందులోంచి చూస్తే బల్ల చుట్టూ అందరూ రొట్టెముక్కలతో పళ్లేలు ఊడుస్తున్నారు. ఇక ఆమె వల్ల కాలేదు. కుండ, గరిటె పట్టుకుని హాల్లోకి నడిచింది.

అతిథులు ఎక్కడివాళ్లో ఏమో, చేయి అడ్డం పెట్టాలని పాపం వాళ్లకెవరూ చెప్పలేదు. మర్యాదకు నవ్వుతున్నారు, ఆమె పోస్తూనే ఉంది. పళ్లేలు అంచుల దాకా నిండాయి. అరుణ్ గోడకు ఆనుకుపోయాడు. చివరికి రఘుపతి దగ్గరికి వచ్చింది. పని పోయినట్టేనని, పొయ్యి ఆరినట్టేనని అప్పుడు గుర్తొచ్చింది.

రఘుపతి తలెత్తకుండానే పళ్లెం మీద చేయి పరిచాడు.

"సాలక్కా, సాలు."

టీవీ మాట కాదది. మక్తల్ దగ్గర పల్లె అతనిది, ఎవరూ అడగలేదు కనుక అతనూ చెప్పలేదు. సుగుణమ్మ ఆగిందా అంటే ఆగలేదు. ఆ వేళ్ల మీదే ఒక గరిటె గోరువెచ్చని పులుసు పోసేసింది.

రఘుపతి చేతివంక చూసుకుని, ఒక్కో వేలే నాకుతూ నవ్వడం మొదలుపెట్టాడు.

"మా అవ్వ గూడ గిట్లనే పోస్తుండె," అన్నాడు. తర్వాత అరుణ్‌ని పిలిచి, అక్క ఎటు తిరిగితే అటు తిరగనివ్వమన్నాడు.

ఇప్పుడక్కడ ఎవరు భోజనానికి కూర్చున్నా అరుణ్ ముందుగా చేయి అడ్డం పెట్టడం నేర్పుతాడు. చాలామంది ఆలస్యంగా నేర్చుకుంటారు. ఇంట్లో కూరలో ఉప్పు సరిగ్గా పడుతోందని భిక్షం కనపడ్డవాళ్లకల్లా చెబుతున్నాడు.