తప్పుకున్న చోటు

ఆ వీధిలో ఆయన్ని అందరూ పొగమంచు బాబాయి అనేవారు. చేసేది స్టూడియోలో జనాన్ని స్టూలు మీద కూర్చోబెట్టి, "గడ్డం కొంచెం దించండి, ఆఁ, కదలకండి" అంటూ గుర్తింపు కార్డులకి ఫోటోలు తీయడం. గోడకి అద్దం, దాని కింద పళ్ళు విరిగిన దువ్వెన, వచ్చినవాళ్ళందరూ అద్దుకునే పౌడరు డబ్బా. వారమంతా మొహాలు చూసీ చూసీ ఆయనకి మనుషులంటేనే మొహం మొత్తిపోయింది. సెలవు రోజు తెల్లవారితే చాలు, కెమెరా మెడలో వేసుకుని పొలం గట్లకీ ఏటి ఒడ్డుకీ పరుగెత్తేవాడు. వెనకాలే స్టాండు మోసుకుంటూ ఆయన భార్య వెళ్ళేది.

మొదట్లో అన్నీ చూసి తీసినవే. క్యాలెండర్లో అస్తమించే సూర్యుడు కనిపిస్తే సూర్యుడు, పత్రికలో ఒంటరి పడవ కనిపిస్తే పడవ. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు! ఫోటోలకి ఫ్రేములు కట్టే ముసలాయన ఒకడుండేవాడు, ఈయనకి ఆప్తుడు. ఆయనో రోజు మొహమాటం లేకుండా అనేశాడు.

"బాగానే ఉన్నాయిరా. కానీ వీటిని నువ్వే తీయక్కర్లేదు, ఎవడైనా తీస్తాడు."

ఆ మాట ముల్లులా దిగింది. ఆ పూట అన్నం కూడా సయించలేదు.

ఆ చలికాలం నుంచి పొగమంచు మీద పడ్డాడు. చేత్తో లెన్సు తిప్పి సరిచూసుకునే కెమెరాకి మంచులో ఏదీ స్పష్టంగా దొరకదు, ఈయన కళ్ళా అంతంతమాత్రం. అందుకని భార్యని ముందుకి పంపేవాడు. ఆవిడ ఎర్ర శాలువా కప్పుకుని చెప్పిన చోట నిలబడేది. శాలువా అంచు స్పష్టమయ్యేదాకా లెన్సు తిప్పి, "ఆఁ, తప్పుకో!" అని కేకేసేవాడు. నేల మీద అడుగులు పడకూడదని ఆవిడ చుట్టూ తిరిగి, గట్టంట నడిచి రావాలి. ఆవిడ వచ్చాకే మీట నొక్కేవాడు.

అలా తీసిన ఫోటోల్ని ముసలాయన వెలుతురులోకి పట్టుకెళ్ళి ఒక్కొక్కటే తిప్పి తిప్పి చూశాడు.

"ఇవి నీవిరా," అన్నాడు చివరికి. "ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిపోయినట్టున్నాయి. చెట్లూ గట్లూ అన్నీ ఆ ఖాళీ వైపే చూస్తున్నాయి. ఇక నీ సంతకం అక్కర్లేదు, ఎక్కడ చూసినా పోల్చేస్తారు."

అంతే, మనవాడి కళ్ళు నెత్తికెక్కాయి. ఇంటికొచ్చి భార్యకి ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఆవిడ గిన్నెలు కడుగుతూ పకపకా నవ్వింది.

"ఆ ఖాళీ నేను నిలబడ్డ చోటే కదండీ! పోనీ ఒక్కసారి నన్ను తప్పుకోమనకుండా తీయకూడదూ?"

"నువ్వుంటే అది మామూలు ఫోటో అయిపోతుందే. నీకేం తెలుసు?"

ఆవిడ మళ్ళీ అడగలేదు. మళ్ళీ అడిగుంటే ఎంత బావుండేది!

తర్వాత ఎన్నో చలికాలాలు అలాగే గడిచాయి. ఒకసారి ఏటి ఒడ్డున తడి ఇసుకలో నిలబెట్టాడు. తప్పుకోమంటే ఆవిడ చుట్టూ తిరక్కుండా నేరుగా కెమెరా వైపే నడిచి వచ్చేసింది. ఇసుక నిండా అడుగులే.

"బుద్ధుందా నీకు? అంతా పాడుచేశావు!"

"ఊపిరి ఆడ్డం లేదండీ. అంత దూరం తిరగలేకపోయాను."

ఆయన ఇసుక వంక చూశాడు గానీ ఆవిడ మొహం వంక చూడలేదు. కోపంకొద్దీ మీట నొక్కి, ఇంటికెళ్ళి రీలు కడిగాక ఆ నెగటివుని పనికిరానివాటి డబ్బాలో పడేశాడు. ఆ చలికాలం దాటకుండానే ఆవిడ గుండె ఆగిపోయింది.

మరదలు, అంటే ఆవిడ చెల్లెలు, వచ్చి అడిగింది.

"బావా, అక్కది మంచి ఫోటో ఒకటివ్వు. గోడకి పెట్టుకుందాం."

ఫోన్లలో ఫోటోలు తీసుకునే రోజులు అప్పటికింకా రాలేదు. ఆయన ఇల్లంతా వెతికాడు. పెళ్ళి ఫోటోలో ఆవిడ తల దించుకునుంది. కార్డు కోసం స్టూడియోలో తనే తీసినది ఒకటి దొరికింది. గడ్డం దించమన్న మాటకి బెదిరిపోయి, బిగుసుకుని కూర్చుంది పాపం.

"ఇది అక్కలా లేదు," అంది మరదలు. "ఊళ్ళో వాళ్ళందరికీ తీస్తావు, కట్టుకున్నదానికి ఒక్క ఫోటో లేదా? దీపం కింద చీకటి అంటే ఇదే!"

ఆయన తల తిప్పి చుట్టూ చూశాడు. గోడల నిండా ఫోటోలు, ప్రతి దాంట్లోనూ ఆవిడ నిలబడిన చోటు, ఒక్క దాంట్లోనూ ఆవిడ లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పనికిరానివాటి డబ్బా దింపి ఒక్కో నెగటివూ దీపానికి అడ్డం పెట్టి చూశాడు. ఎక్కడో తప్పుకోవడం ఆలస్యమై శాలువా కొంగైనా పడుండదా అని ఆశ. పడలేదు. పిచ్చితల్లి, చెప్పినప్పుడల్లా సరిగ్గా తప్పుకుంది.

డబ్బా అడుగున ఏటి ఒడ్డుది దొరికింది. చీకటి గదిలో ఎర్ర బల్బు కింద, మందు నీళ్ళలో కాగితం మీదికి ఆ అడుగులు ఒక్కొక్కటే తేలుతుంటే ఆయన తొట్టి అంచు పట్టుకుని భోరున ఏడ్చాడు.

దాన్నే ఫ్రేము కట్టించి నట్టింట్లో గోడకి పెట్టాడు. చూడ్డానికొచ్చిన మరదలికి ఒళ్ళు మండింది.

"ఇదేంటి బావా, ఇసుకా మంచూనా? ఇందులో అక్క ఏదీ?"

ఆయన ఫోటోలో మంచు మొదలయ్యే చోట వేలు పెట్టి, ఒక్కో అడుగు మీదుగా మెల్లగా కిందికి జరిపాడు. ఎడమ పాదం ప్రతిసారీ కొంచెం ఈడ్చుకుంటూ వచ్చింది. చిన్నప్పటినుంచీ అక్క నడక అంతే. మరదలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వేలు ఫోటో అంచు దాకా వచ్చి ఆగింది.

"ఇక్కడికొచ్చి నా పక్కనే నిలబడిందమ్మా," అన్నాడాయన. "నేనే చూడలేదు."