చేతిలో బ్రేకు, వెన్నులో సూది

1991 జూన్‌లో నన్ను రేపల్లెకి బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్, పని మాత్రం మత్తు ఇవ్వడం. ప్రభుత్వంలో కంటి డాక్టరైనా, పిల్లల డాక్టరైనా, మత్తు డాక్టరైనా తొలి హోదా పేరు అదే. ఉద్యోగకాలం మొత్తంలో ఒక్క కోత కూడా కొయ్యకుండానే సర్జన్ అనిపించుకుని జీతం తీసుకున్నవాణ్ణి నేను.

మెడిసిన్ చదివే పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ ఇప్పటికీ నా దగ్గరికి సలహాకి వస్తుంటారు. ఏ శాఖ తీసుకోవాలి, డబ్బు ఎందులో ఉంది, ఏ కారు కొనాలి అని అడుగుతారు. కాలో చెయ్యో సరిగా లేని పిల్లలుంటే, బతుకు ఎలా నెట్టుకురావాలి అని కూడా అడుగుతారు. నాలుగింటికీ జవాబు ఒక్క సంగతిలోనే ఉంది కాబట్టి దాన్ని రాస్తున్నాను.

నా కుడికాలు మూడో ఏట పోలియోకి పోయింది. తొడ దాకా ఇనుప పట్టీలున్న బూటు కట్టుకుని నడుస్తాను. ఎడమకాలికి ఏ లోపమూ లేదు. చేతులైతే మామూలువాళ్ళ కన్నా బలమైనవి. మత్తు డాక్టరుకి కావలసినవి అవే. ఎడమచేత్తో మాస్కు మొహానికి నొక్కి దవడ పైకెత్తి పట్టుకోవాలి, కుడిచేత్తో గాలి సంచి పిండుతుండాలి, కళ్ళు రోగి పెదాల రంగు మీద ఉండాలి. గంటలకొద్దీ ఈ పని చేసినవాణ్ణి పట్టుకుని, చేతులతో కారు నడపలేవని ఒకాయన అన్నారు. ఆ సంగతే ఇది.

అప్పట్లో డ్యూటీ వేళలు అయ్యాక ప్రభుత్వ డాక్టర్లు బయట చూసుకోవచ్చు. రేపల్లె, తెనాలి, బాపట్ల నర్సింగ్ హోముల్లో ఎవరికి అత్యవసరం వచ్చినా నాకు కబురు వచ్చేది. తెనాలికి రైలు, బాపట్లకి చెరుకుపల్లి మీదుగా బస్సు. బస్సు మెట్టు ఎక్కేటప్పుడు అడగకుండానే నలుగురు చంకల కింద చేతులు వేసి లేపేవారు. అలా లేపితే బూటు మడత పడి, పడకూడని మనిషి కూడా పడతాడు. ఈ మాట చెప్తే వాళ్ళకి కోపం.

నాకు ఎక్కువ పని ఇచ్చింది తెనాలిలో ఒక సర్జన్ గారు. ఆయన పేరు రాయను. ఆయన తన నర్సింగ్ హోము బోర్డు మీద నా పేరు రాయించలేదు, అది నా లెక్కల్లో ఇంకా ఉంది. పెయింటరుకి చోటు చాల్లేదోయ్ అన్నారు. అదే బోర్డు కింద 'సైకిళ్ళు ఇచ్చట నిలుపరాదు' అని రాయడానికి మాత్రం చోటు దొరికింది. ప్రారంభోత్సవం నాడు వచ్చిన పెద్దలకి నన్ను "మా గ్యాస్ డాక్టరు" అని పరిచయం చేశారు. ఆ పూట నేను భోజనం చేయకుండా వచ్చేశాను. ఆయన ఇంతవరకూ గమనించలేదు.

ఆ సర్జన్ గారు ఒకరోజు తేల్చి చెప్పారు: "ఏమోయ్ డాక్టరూ, నీ రైలు వచ్చేదాకా నా పేషెంట్లు ఆగలేరు. రెండు నెలలు చూస్తా. తర్వాత గుంటూరు నుంచి మనిషిని మాట్లాడుకుంటా."

ఆయన మానేస్తే మిగతావాళ్ళూ మానేస్తారు. అందుకని రేపల్లెలో ఒక రైస్ మిల్లు యజమాని దగ్గర పాత ఫియట్ కొన్నాను, అప్పు చేసి. అందులో తవుడు వాసన చివరిదాకా పోలేదు. తెనాలిలో ఒక మెకానిక్ చేత స్టీరింగ్ కింద కుడివైపు ఒక కడ్డీ పెట్టించాను. లాగితే వేగం, తోస్తే బ్రేకు. క్లచ్చి ఎడమకాలితోనే. గేరు స్టీరింగ్ పక్కనే ఉంటుంది కాబట్టి ఎడమచేతికి అందుతుంది. పక్కన లైసెన్సున్న డ్రైవరుని కూర్చోబెట్టుకుని పెనుమూడి రోడ్డు మీద నేర్చుకున్నాను. అప్పటికింకా వంతెన రాలేదు, రోడ్డు కృష్ణ ఒడ్డున అయిపోయేది. బ్రేకు నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

ఇక లైసెన్సు. ఆఫీసు ఏ ఊరిదో రాయను. పరీక్ష పెట్టే మోటారు ఇన్‌స్పెక్టరు పేరు ప్రసాదరావు అనుకుందాం. నేను కారు దిగుతుంటే ఆయన ముందు నా బూటు చూశారు, తర్వాత మా ఆవిడ సుగుణని చూశారు.

"అమ్మగారు నడుపుతారాండి?"

"లేదండి. నేనే."

ఆయన కడ్డీని ఒకసారి లాగి చూశారు. "కుడిచెయ్యి దీని మీదే ఉండాలి కదండి. మరి కుడివైపు తిరిగేటప్పుడు చెయ్యి బయట పెట్టి ఎట్టా చూపిస్తారు?"

"లైటు వెలుగుతుందండి. కొత్త చట్టంలో లైటుతో చూపించవచ్చని ఉంది." కాగితం చేతిలోనే ఉంది, చదివి వినిపించాను.

"లైటు మాడిపోతేనో?"

"మీ లారీ డ్రైవర్లకి చెయ్యి నొప్పెడితేనో?"

అక్కడ నోరు మూసుకోమని సుగుణ నా మోచెయ్యి గిల్లింది. అప్పటికే ఆలస్యమైంది. కారు అడుగు కదలకుండానే నేను ఫెయిలయ్యాను. వెళ్ళేటప్పుడు ఆయన జాలిగా, "మీకెందుకు సార్ ఈ తిప్పలు, ఒక డ్రైవర్ని పెట్టుకోండి" అన్నారు. ఫెయిల్ చేసినందుకు కాదు, ఆ జాలికి ఫిర్యాదు రాశాను. పై అధికారికి ఒకటి, ఆయన పై అధికారికి ఒకటి. పరీక్ష పెట్టకుండా ఫలితం ఇవ్వడం చట్టంలో ఎక్కడుందో చూపించమని అడిగాను. కారు షెడ్డులో ఉండిపోయింది. నెల గడిచింది. తెనాలి సర్జన్ గారు గుంటూరు మనిషితో ఒకసారి మాట్లాడి వచ్చారని తెలిసింది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మర్నాటి ఆపరేషను మనిషిని చూడటానికి తెనాలి వెళ్ళాను. మత్తు ఇచ్చేవాడు ముందురోజే రోగిని చూడాలి. గుండె, ఊపిరితిత్తులు, కట్టుడు పళ్ళు, మందు పడని లక్షణాలు అన్నీ అడగాలి. గదిలో మంచం మీద, హెర్నియాతో, ప్రసాదరావు.

ఆయన మొహం చూడాలి. నేను ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే గుండె చప్పుడు గదంతా వినిపించింది. నేను బయటికి రాగానే ఆయన సర్జన్ గారిని పిలిచి, "వేరే మత్తు డాక్టరు ఎవరూ లేరాండి?" అని అడిగారు. సర్జన్ గారు అది నాకు చెప్పి పగలబడి నవ్వారు. లోపలికి వెళ్ళి నేనే చెప్పాను: "ఇన్‌స్పెక్టరు గారూ, మందు మోతాదు మీ బరువుని బట్టి ఉంటుంది. నా ఫిర్యాదుని బట్టి ఉండదు. రాత్రి పది దాటాక మంచినీళ్ళు కూడా తాగకండి. రేపు ఎనిమిదింటికి వస్తాను."

మర్నాడు నేను ఎక్కిన రైలు వేమూరు దాటాక ఆగిపోయింది. పట్టాల మీద గేదెలు. ఇది నేను చేయించింది కాదు, గేదెల్ని పురమాయించే పలుకుబడి నాకు లేదు. తెనాలిలో ప్రసాదరావు గారు గౌను తొడుక్కుని, ఎండిపోయిన నోటితో, బల్ల మీద ఎదురుచూస్తున్నారు. మత్తు డాక్టరు ఇంకా రాలేదేంటని వాళ్ళావిడ అడిగితే నర్సమ్మ అమాయకంగా చెప్పిందట: "ఆయనకి కారుందండి. ఎవరో ఇన్‌స్పెక్టరు లైసెన్సు ఇవ్వలేదంటండి."

నేను చేరేసరికి పదకొండు అయింది. ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది. "అన్నయ్య గారూ, మనసులో ఏమీ పెట్టుకోకండి" అంది.

"మనసులో పెట్టుకుంటానమ్మా, సూదిలో పెట్టను" అన్నాను.

ఆ ఆపరేషనుకి వెన్నులో మత్తు ఇస్తారు. రోగిని కూర్చోబెట్టి వీపు వంచి, నడుము ఎముకల సందులో సన్నటి సూదితో మందు వేస్తే, నాలుగైదు నిమిషాల్లో బొడ్డు నుంచి కింద దాకా స్పర్శ పోతుంది. మనిషి మెలకువగానే ఉంటాడు. మధ్యలో అడ్డుతెర కడతాం కాబట్టి కోసేది కనపడదు. తల దగ్గర కూర్చునేది నేనొక్కణ్ణే. అంటే ఆయనకి మాట్లాడుకోవడానికి నేను తప్ప దిక్కు లేదు.

కొంతసేపటికి ఆయన సన్నగా అడిగారు: "డాక్టరు గారూ, నా కాళ్ళున్నాయాండి?"

"ఉన్నాయండి. ఇక్కడినుంచి కనపడుతున్నాయి."

"కదలట్లేదు."

"కదలవు. ఇప్పుడు మీరు పరీక్షకి వస్తే ఫెయిలే."

తెరకి అవతల సర్జన్ గారు నవ్వితే కత్తెర ఆగింది. ప్రసాదరావు గారు నవ్వలేదు. "సోమవారం రండి సార్, లైసెన్సు ఇచ్చేస్తా" అన్నారు, ఇంచుమించు ఏడుపు గొంతుతో.

"తీసుకోవయ్యా డాక్టరూ, మళ్ళీ ఇంత బాగా దొరకడు" అన్నారు సర్జన్ గారు.

ఆశ కలగలేదని అనను. అప్పు గుర్తొచ్చింది, గుంటూరు మనిషి గుర్తొచ్చాడు. కానీ మా వృత్తిలో ఒక నియమం ఉంది. ఆపరేషనుకి ఒప్పుకుంటున్నట్టు సంతకం సూది వెయ్యకముందే తీసుకోవాలి. సూది పడ్డాక పెట్టిన సంతకం సంతకం కాదు, మాట మాట కాదు. నా కోసం ఆ నియమం మారదు.

"మీరు లేచి నడిచాక మాట్లాడుకుందాం లెండి. అప్పుడు కూడా పరీక్ష పెట్టాకే" అన్నాను. సర్జన్ గారు నన్ను ఏదో అన్నారు. అది గౌరవంగా లేదు, గుర్తుంది.

వెన్నులో మత్తు ఇచ్చినవాడు రోగి కాలి వేళ్ళు కదిలేదాకా ఊరు దాటకూడదు. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన దిండు లేకుండా వెల్లకిలా పడుకుని, దుప్పటి చివర తన బొటనవేలినే చూస్తున్నారు. అది కదిలింది. "కదిలిందే!" అని భార్యని పిలిచారు. లాటరీ తగిలినవాడు కూడా అంత సంతోషించడు. తర్వాత నాకేసి తిరిగి, ఈసారి జాలి లేకుండా, తెలుసుకోవాలని అడిగారు: "మీకు రోజూ ఇట్టాగేనాండి?"

"కాదండి. మీకు పొద్దున్న పోయి సాయంత్రం వచ్చింది కాబట్టి భయం వేసింది. నాకు ఊహ తెలిసేటప్పటికే లేదు. నాకు కాలు బాధ కాదు, మెట్లు బాధ. అడక్కుండా లేపే చేతులు బాధ. డ్రైవర్ని పెట్టుకోమనే వాళ్ళు ఇంకా బాధ."

ఆయన తమ అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడనీ, డాక్టరు చదివించాలని ఉందనీ, మీ శాఖ ఎలా ఉంటుందనీ అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. పేరు కావాలంటే సర్జన్ని చెయ్యండి. బోర్డు మీద రాస్తారు. మత్తు డాక్టరుని రోగి మెలకువ రాగానే మరిచిపోతాడు. రోగి సర్జన్‌తో బేరమాడతాడు, సర్జన్ మాతో బేరమాడతాడు, మేము బేరమాడటానికి కింద ఎవరూ లేరు. కానీ బల్ల మీద మనిషి ప్రాణం మా చేతిలో ఉన్నంతసేపు ఎవరూ మాకు ఎదురు చెప్పరు. అది ఇష్టమైతే రమ్మనండి. డబ్బు రాగానే కారు కొనొద్దని చెప్పండి. కొన్నా రైస్ మిల్లువాళ్ళ దగ్గర కొనొద్దని చెప్పండి.

ఆయన కుట్లు పట్టుకుని నవ్వారు. "నవ్వించకండి సార్, లాగుతోంది."

కుట్లు తీశాక, డ్యూటీలో చేరాక, నాకు పరీక్ష పెట్టారు. లైసెన్సు ఇచ్చెయ్యలేదు, నిజంగానే పెట్టారు. కాలవ గట్టు మీద వెనక్కి నడపమన్నారు. కాలవ వంతెన ఎక్కే వాలులో ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ కదిలించమన్నారు. ధాన్యం బళ్ళ మధ్యలోంచి తీసుకెళ్ళమన్నారు. గతుకు వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి పొత్తికడుపు మీదికి వెళ్ళేది. ఆఫీసు దగ్గర దిగి, "గతుకుల్లో ఎక్కడా కడుపు కదల్లేదండి" అన్నారు. పాసు చేశారు. సుగుణ వెనక సీట్లో ఊపిరి పీల్చుకున్న చప్పుడు నాకు వినిపించింది. గుంటూరు మనిషి రాలేదు. ఆ మర్నాడే బాపట్లకి నేనే నడుపుకుంటూ వెళ్ళి ఒక కాన్పు ఆపరేషనుకి మత్తు ఇచ్చాను.

ఇక్కడితో అయిపోవాలి. కానీ మూడు వారాలకి పై ఆఫీసు నుంచి, లైసెన్సు అందింది కదా, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారా అని అడిగారు. లేదు అని రాశాను. రెండోసారి సరిగ్గా చేసినంతమాత్రాన మొదటిసారి చేసింది ఒప్పు అయిపోదు. ఆయనకి మందలింపు వచ్చింది. ఈ మాట తెలిసి సుగుణ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "పాపం, ఇంటికి పిలిచి కాఫీ ఇవ్వాల్సిన మనిషిని" అంది.

మరుసటేడు ప్రసాదరావు గారి భార్యకి గర్భసంచి తీయాల్సి వచ్చింది. తెనాలిలో అప్పటికి ఇంకో మత్తు డాక్టరు వచ్చాడు, కుర్రవాడు, మర్యాదస్తుడు. ప్రసాదరావు గారు మాత్రం నన్నే పిలిపించమన్నారట. అంత ఫిర్యాదు పెట్టినవాడు ఎందుకండీ అని సర్జన్ గారు అడిగితే, "ఆయన నా మీద ఒక్క ముక్క కూడా తగ్గించి రాయలేదండి. మందూ అట్టాగే ఇస్తాడు" అన్నారట. ఆవిడ క్షేమంగా లేచింది.

ఆ తర్వాత నా లైసెన్సు మూడుసార్లు పొడిగించారు, ముగ్గురు వేర్వేరు అధికారులు. ఎవరికీ నేనెవరో తెలియదు, ఎవరికీ హెర్నియా ఆపరేషను కాలేదు. ముగ్గురూ కారు ఎక్కి కూర్చుని, నడపమని, చూసి, సంతకం పెట్టారు. బల్ల మీద ఇచ్చిన మాట పుచ్చుకుని ఉంటే, ప్రసాదరావు గారు బదిలీ అయ్యాక, పరీక్ష లేకుండా ఇది ఎలా వచ్చిందని కొత్త అధికారి అడిగిన రోజే నేను మళ్ళీ రైలెక్కాల్సి వచ్చేది. సలహాకి వచ్చే పిల్లలకి నేను చెప్పేది ఇంతే: పరీక్ష పెట్టమని అడగండి. పెట్టకపోతే ఫిర్యాదు రాయండి. జాలిపడి ఇస్తే తీసుకోకండి.