కిటికీకి చిక్కిన తీగ

రేపు స్నేహితులతో మొదటిసారి సముద్రంలో చేపలు పట్టడానికి పోతున్నాను. సముద్రానికి ఎంతో దూరాన గుడియాత్తంలో ఉండేవాడికి సముద్రమేమిటని నవ్వకండి, పొద్దున్నుంచి నాకు కాలు నిలవడం లేదు. వంజరం చేప పళ్ళకు నైలాన్ దారం తెగిపోతుందట. అందుకని దారానికీ గాలానికీ మధ్య ఉక్కు తీగ మెలిపెట్టి కట్టాలి. ఇళ్ళ కట్టుబడిలో రోజంతా ఇనప కంబీలను తీగతో కట్టేవాణ్ణి, నాకిదొక లెక్కా అనుకున్నాను.

ముడి నిలుస్తుందో లేదో చూద్దామని కిటికీ ఊచకు తీగ చుట్టి, మెలితిప్పి, లాగి చూశాను. జారిపోయింది. మళ్ళీ కట్టాను, మళ్ళీ జారింది. ఒకప్పుడు నాలాగే కంబి పని చేసిన మా అమ్మ బీన్స్ తరుగుతూ చూస్తోంది.

"కాంక్రీటు పోసేదాకా నిలిస్తే చాలని కట్టినట్లుండాది నాయనా. చేప మీద కాంక్రీటు ఎవురు పోస్తారు?" అంది.

నిజమే, మేం రెండు మెలికలు తిప్పి వదిలేస్తాం. ఈసారి రెండు పోగులనూ సమంగా పెనవేసి, చివర్న దగ్గర దగ్గరగా చుట్లు వేశాను. గోడకు కాలు తన్నిపెట్టి లాగినా కదల్లేదు. గర్వంగా అమ్మ వైపు చూశాను.

"బాగుండాది. గాలం యాడ?" అంది.

ముడిలో ఉండాల్సిన గాలం బల్ల మీదే ఉంది. కట్టింది కట్టినచోటే వదిలేసి పోవడం మా పనిలో అలవాటు. తీగ మొత్తం ఆ ఊచకే బిగుసుకుపోయింది, ఈ ఊళ్ళో ఇలాంటిది ఇంకో ముక్క దొరకదు.

వేటకు పోకముందే కిటికీని పట్టినవాణ్ణి నేనొక్కణ్ణేనా? కత్తిరించకుండా విప్పే దారి తెలిస్తే చెప్పండి, రైలు తెల్లవారుజామునే.