అవ్వనడిగి రాసిన చరిత్ర

అప్పటికే కోట బొమ్మ, గుడి బొమ్మ, మధ్యలో ఎవరో రాజుగారి బొమ్మ అట్టకు అంటించేసి, చేతికంటిన గమ్మును నా కొంగుకు తుడుస్తోంది మా అక్క బిడ్డ. ఆరో తరగతి. ఊరి చరిత్ర తయారుచేసి తెమ్మన్నారట. ఎవరినైనా అడిగావా అంటే, "ఫోన్నడిగిన చిన్నమ్మా, అన్నీ చెప్పింది" అంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే మా టీచరమ్మ గుర్తొచ్చారు.

నా చదువు పదితోనే ఆగింది గాని, చొప్పదండిలో చదివిన ఏడో తరగతి మాత్రం నిన్నటిలాగే ఉంది. తెలుగూ సోషలూ ఆవిడే చెప్పేవారు. కడప వైపు మనిషి, భర్త ఉద్యోగం వల్ల మా దిక్కు వచ్చారు. ఒకరోజు రెండు పీరియడ్లూ కలిపేసి, చరిత్ర పాఠం కోసం మీ అవ్వను చిన్ననాటి సంగతులు అడిగి ఆమె మాటల్లోనే రాసుకురండి, అప్పటి వస్తువొకటి పట్టుకురండి అన్నారు. వాళ్ల వైపు అవ్వంటే నాయనమ్మో అమ్మమ్మో. మా దగ్గర అవ్వంటే కన్నతల్లి. ఇంకేముంది, క్లాసంతా ఇంటికి పోయి ఎవరి తల్లిని వాళ్లం అడిగాం.

మా బాపు సాంచ నడిపేవాడు, అదే మరమగ్గం. అవ్వ పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టేది. ఆ చప్పుడులో రెండుసార్లు అడిగితే గాని వినపడలేదు.

"రాజుల ముచ్చట రాస్తరు గని, నా ముచ్చట ఎవలికి గావాలెనే?" అని నవ్వింది. కండె మార్చి తనే మొదలుపెట్టింది. మరాఠీ సరిహద్దున ఉన్న భైంసాలో వాళ్లమ్మ పత్తి మిల్లులో పని చేస్తుంటే తను పత్తి కుప్ప మీద నిద్రపోయేదట, లేచేసరికి జుట్టంతా తెల్లబడితే తోటి పిల్లలు ముసల్దని ఏడిపించేవారట, వాళ్లను గచ్చకాయల ఆటలో ఓడించి పగ తీర్చుకునేదట, లెక్క మాత్రం మరాఠీలోనేనట. చెబుతూ చెబుతూ కండె చుట్టడమే మరిచిపోయింది. బాపు సాంచ ఆపేసి ఆమె వైపు తిరిగాడు.

"నీకు మరాఠీ వచ్చా?"

"నువ్వెన్నడన్న అడిగినవా?"

పెట్టె అడుగు నుంచి ఐదు గచ్చకాయలు తీసి నా చేతిలో పోసింది. పొద్దున బడికి పోతుంటే గడప దాకా వచ్చి, "గిది గుడ చరిత్రేనంటదా మీ టీచరు?" అని మెల్లగా అడిగింది.

బడిలో ఒక్కొక్కరం చదువుతుంటే టీచరమ్మ ముఖంలో అనుమానం మొదలైంది. మీ అవ్వకు ఎన్నేళ్లని ముందు బెంచీ పిల్లను అడిగారు.

"ముప్పై ఉంటయేమో టీచర్!"

"అయ్యో, నేను చెప్పింది మీ నాయనమ్మలను కదరా! అందరూ మళ్లీ రాయాల్సిందే."

క్లాసంతా ఘొల్లుమని నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఇంటికి పోయి అవ్వకు ఏమని చెప్పాలి? నీది చరిత్ర కాదట అని చెప్పాలా? గచ్చకాయలు నేల మీద పోసి, అవ్వ చెప్పినట్టే ఏక్, దోన్, తీన్ అంటూ ఎగరేశాను. పిల్లలు చుట్టూ మూగారు. టీచరమ్మ కూడా చీర సర్దుకుని నేల మీద కూర్చుని, "వీటిని మేం అచ్చనగాయలంటాం" అంటూ ఒకటి చేతిలోకి తీసుకున్నారు. దాన్ని పైకెగరేసి పట్టుకున్నారు.

"వద్దులే, మళ్లీ రాయొద్దు. ఇంత పడుచు అవ్వల చరిత్ర ఇంకెక్కడ దొరుకుతుంది!"

సాయంత్రం అవ్వ కండె మీంచి తలెత్తకుండానే, "ఏమన్నదే?" అంది. నీ ముచ్చట గోడకు అంటించారని చెప్పాను. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది, నవ్విందో ఏడ్చిందో.

ఇప్పటి పిల్లలకు అన్నీ సరిగ్గా తెలిసిపోతున్నాయి, పొరపాటున ఒక మనిషిని అడిగే వీలే లేకుండా పోయింది. మేమంతా ఆనాడు ఆ మాటను సరిగ్గా అర్థం చేసుకుని ఉంటే, మా అవ్వకూ ఒక చిన్నతనం ఉందని నాకు ఎప్పుడు తెలిసేదో.

గోడకు అంటించిన మర్నాడు పొద్దున అవ్వతో జడ వేయించుకుంటూ, టీచరు అడగమనకపోయినా, చిన్నప్పుడు నిన్ను ఇంట్లో ఏమని పిలిచేవారని అడిగాను. సిగ్గుపడుతూ చెప్పింది. జడ పూర్తికాగానే వాకిట్లోకి ఉరికి, ఆ పేరు పెట్టి గట్టిగా ఒక కేక వేశాను. లోపలి నుంచి, "ఆఁ, వస్తున్న!" అని పలికింది.